పోలు మనదే, కోడు?

మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో తీగ మీద మాట దూరం పోయిందంటే అది దుబాయికి పోయినట్టే. డెబ్బైల్లో మొదలైన గల్ఫ్ వలస కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లను వదల్లేదు. మొదట ఉత్తరాలు నడిచాయి. చదువు రాని వాళ్లు టేపు క్యాసెట్లలో మాటలు నింపి పంపుకున్నారు. ఆ తర్వాత వచ్చింది ఐఎస్‌డీ బూత్. మా అక్కను కోరుట్లకు ఇచ్చారు, బావది దుబాయిలో సెంట్రింగ్ పని. అప్పట్లో అక్కడ శుక్రవారం సెలవు గనక ఆ రోజు కోరుట్ల బూత్‌ల ముందు బెంచీలు నిండిపోయేవి. ఉపగ్రహం మీదుగా పోయే కాల్‌లో మాటకూ మాటకూ మధ్య ఒక ఖాళీ పడుతుంది. దాదాపు 36,000 కిలోమీటర్లు పైకి పోయి కిందికి దిగడానికి పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు సెకను. "ఇనొస్తుందా?" అని అక్క అడిగేలోపే బావ అదే మాట అడుగుతాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోతారు. మీటరు మాత్రం ఆగదు.

ఆ ఖాళీ ఎందుకొస్తుందో తెలుసుకోవాలన్న కుతూహలమే నన్ను ఈ పనిలోకి లాగిందని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. అమీర్‌పేటలో ఆ ఏడాది నెట్‌వర్కింగ్ కోర్సుకు ఫీజు తక్కువ, అంతే. అప్పటి నుంచి హైదరాబాద్‌లో నా బతుకుతెరువు ఇదే: ఎవరో రాసి అందరి ముందు పెట్టిన నెట్‌వర్క్ కోడును దించుకోవడం, మా యంత్రానికి తగ్గట్టు అమర్చడం, బిల్డ్ చేయడం, నడవకపోతే విప్పి మళ్లీ కట్టడం. ఈ పనికీ ఒక చరిత్ర ఉంది. అందులో మా ఊళ్లకూ వాటా ఉంది, అది ఎక్కువగా వాడుకునేవాళ్ల వాటాయే అయినా.

ముందు ఎక్స్ఛేంజీ సంగతి. 1984లో సీ-డాట్ పుట్టింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో దాని మొదటి గ్రామీణ ఎక్స్ఛేంజీ నడిచింది. 128 పోర్టుల పెట్టె, ఏసీ గది అక్కర్లేదు, మన ఎండనూ దుమ్మునూ తట్టుకుంటుంది. బూత్‌లు మండల కేంద్రాల దాకా, పల్లెల దాకా పాకడానికి ఆ పెట్టె పెద్ద కారణం. అది మన దేశంలో తయారైన పరికరమే, గర్వపడాల్సిందే. అయినా ఊళ్లో ఉన్న లైన్‌మన్‌కు దాని లోపలి ప్రోగ్రాం ఎట్లా నడుస్తుందో చూసే వీలు లేదు. చెడితే కార్డు మార్చాలి, లేకపోతే పైవాళ్లకు చెప్పుకోవాలి.

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్టును జనానికి తెరిచింది, అదీ మహానగరాల్లో. బ్రిటన్ నుంచి జపాన్ దాకా వేసిన ఫ్లాగ్ సముద్రపు కేబుల్ 1997లో పనిచేయడం మొదలుపెట్టింది. ఆ కేబుల్ యూఏఈలోని ఫుజైరాలోనూ ముంబైలోనూ ఒడ్డెక్కుతుంది. అంటే బావ ఉన్న దేశానికీ మన దేశానికీ మధ్య గాజు తీగ పడింది, ఆకాశానికి పోయి రావాల్సిన అవసరం తగ్గింది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ మీదుగా విదేశాలకు మాట్లాడటం మన దగ్గర చట్టబద్ధమైంది. ఐఎస్‌డీ బోర్డు పక్కన ఇంటర్నెట్ బోర్డు వేలాడింది. లోపల ప్లైవుడ్ గదులు, చెవులకు హెడ్‌ఫోన్లు, "హలో, బొమ్మ కనబడ్తలేదు" అనే కేకలు.

అదే కాలంలో అమెరికాలోని అలబామాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు ఫోన్ ఎక్స్ఛేంజీ కొనే స్తోమత లేక తనే ఒకటి రాసుకున్నాడు. 1999లో మొదలైన ఆస్టరిస్క్ అది. మామూలు పీసీని ఎక్స్ఛేంజీగా మార్చే ఆ కోడును ఎవరైనా తెచ్చుకోవచ్చు. ప్రపంచమంతా చవక కాలింగ్ కార్డులు అమ్మిన చిన్న కంపెనీలు ఇట్లాంటి కోడు మీద ఆధారపడ్డాయి. పేటెంటు ఉన్న జీ.729 అనే మాటల కుదింపు పద్ధతికి మాత్రం ఒక్కో లైనుకు ఇంత అని డబ్బు కట్టాల్సి వచ్చేది. కోడు తెరిచి పెట్టినా దాని చుట్టూ ఏదో ఒక తాళం ఉంటుందని మా తరం మొదట చూసింది అక్కడే.

ఇక లినక్స్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డులోకి, 1992లో రాస్ బైరో నెట్‌వర్క్ భాగాన్ని తెచ్చాడు. ఫ్రెడ్ వాన్ కెంపెన్ దాన్ని తిరగరాశాడు, వేల్స్‌లోని స్వాన్‌సీలో కూర్చుని అలన్ కాక్స్ బాగుచేశాడు. మనకు అది చేరింది పత్రికల సీడీల మీద. 1996 నుంచి పీసీక్వెస్ట్ లినక్స్ సీడీలు పంచేది. డయలప్ మీద దించుకోవడం కలలో మాట గనక ఆ సీడీ చేతులు మారి గీతలు పడేదాకా తిరిగేది.

అప్పట్లో కెర్నెల్‌ను అమర్చుకోవడం అంటే పరీక్ష రాయడం. మేక్ కాన్ఫిగ్ అని కొడితే వందల ప్రశ్నలు ఒక్కొక్కటే వస్తాయి. ఈ డ్రైవరు కావాలా? కావాలంటే కెర్నెల్‌లోనే కలపాలా, విడి మాడ్యూల్‌గా ఉంచాలా? వై, ఎం, ఎన్, ఈ మూడింట్లో ఒకటి నొక్కాలి. ఒక జవాబు తప్పితే వెనక్కి పోయే దారి లేదు, మొదటికి రావాల్సిందే. తర్వాత మేక్ మెనూకాన్ఫిగ్ వచ్చి బతికించింది. కంపైల్ పెట్టి, కరెంటు పోవద్దని మొక్కుకుని పడుకునేవాళ్లం.

అమీర్‌పేటలో ఏ పీసీ విప్పినా లోపల ఉండే నెట్‌వర్క్ కార్డు రియల్‌టెక్ 8139. చవక గనక. దానికి లినక్స్ డ్రైవరు రాసింది నాసాలో పనిచేసిన డొనాల్డ్ బెకర్. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టంకు డ్రైవరు రాసిన బిల్ పాల్ అయితే ఆ కార్డు చవకతనం మీద విసుగును కోడు మధ్యలోని వ్యాఖ్యలోనే కక్కేశాడు. విసుగుకు కారణముంది. ఆ కార్డు వచ్చిన ప్యాకెట్లన్నిటినీ ఒకే మెమరీ ముక్కలో వరసగా పోసేస్తుంది. ప్రతి ప్యాకెట్టునూ ప్రాసెసర్ అక్కడి నుంచి వేరేచోటికి ఎత్తిపెట్టుకోవాలి. పంపేటప్పుడూ దాదాపు అదే తంతు. వేగం ఎక్కడ పోతుందన్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇదే: నకలు తీయడంలో పోతుంది. ఏ ఇన్‌స్టిట్యూట్ మెటీరియల్‌లోనూ ఈ మాట లేదు. ఎక్కడో కూర్చున్న ఒక మనిషి చిరాకుపడుతూ రాసిన నాలుగు వరుసల్లో ఉంది. సోర్సు చదవడానికి ఇంతకంటే మంచి కారణం నేను చెప్పలేను.

వేగం సమస్యకు ఇంకో మూలం ఇంటరప్ట్. ప్యాకెట్టు రాగానే కార్డు ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది, ప్రాసెసర్ చేతిలో పని వదిలి చూస్తుంది. సెకనుకు వంద ప్యాకెట్లయితే పర్వాలేదు, లక్షలొస్తే? లేపడానికీ లేవడానికీ పొద్దు గడిచిపోయి అసలు పని ఒక్కటీ కాదు. జెఫ్రీ మొగల్, కె.కె. రామకృష్ణన్ 1996లో ఈ జబ్బును వివరించి మందు చెప్పారు. 2001లో జమాల్ హాదీ సలీమ్, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ అదే దారిలో లినక్స్‌కు నాపీ అనే పద్ధతి తెచ్చారు. మొదటి ప్యాకెట్టుకు లేపనివ్వాలి, ఆ తర్వాత తట్టడం ఆపించి, ఉన్నవన్నీ అయిపోయేదాకా ప్రాసెసరే పోయి తీసుకోవాలి. ఒక గిగాబిట్ కాలానికి అది సరిపోయింది.

పది గిగాబిట్ల కార్డులు వచ్చాక లెక్క తారుమారైంది. 64 బైట్ల అతి చిన్న ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షల 80 వేలు. ఒక్కోదానికి దొరికే వ్యవధి 67.2 నానోసెకన్లు. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది దాదాపు 200 గడియార టిక్కులు. కావాల్సిన సమాచారం క్యాష్‌లో దొరక్క మెయిన్ మెమరీకి ఒకసారి పోయొస్తేనే ఆ సమయమంతా ఖర్చయిపోతుంది. కెర్నెల్ తన మర్యాదలన్నీ పాటిస్తూ ఒక ప్యాకెట్టును పుట్టించి, మోసి, అప్పజెప్పేంత తీరిక అక్కడ లేదు.

2010లో ఇంటెల్‌లో వెంకీ వెంకటేశన్ ముందుండి నడిపించిన డీపీడీకే ఈ లెక్కకు జవాబుగా వచ్చింది. కెర్నెల్‌ను పక్కన పెట్టేసి కార్డును నేరుగా మన ప్రోగ్రాం చేతికిచ్చేయడం దాని పద్ధతి. ఇంటరప్ట్ ఉండదు. ఒక కోర్‌ను పూర్తిగా దీనికే కేటాయిస్తారు, అది ఆగకుండా కార్డు వరుసలను చూస్తూనే ఉంటుంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికుడు పోగు తెగిందని ఎవరో పిలిచేదాకా కూర్చోడు. ఒక సాంచె నుంచి ఇంకో సాంచెకు తిరుగుతూనే ఉంటాడు, ఖాళీ అయిన కండె కనిపిస్తే మారుస్తాడు. డీపీడీకే కోర్ కూడా అంతే. అందుకే ప్యాకెట్లు ఒక్కటీ రాకపోయినా ఆ కోర్ వాడకం నూటికి నూరు శాతం కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు అది చూసి కంగారుపడి ప్రోగ్రాం ఆపేయడం మా ఆఫీసుల్లో మామూలే.

2013లో 6విండ్ అనే ఫ్రెంచి కంపెనీ దీనికి బహిరంగ వేదిక కట్టింది, 2017లో అది లినక్స్ ఫౌండేషన్ కిందికి చేరింది. వెంకటేశన్ 2018లో పోయారు. ఈ రంగంలో ఆయనను డీపీడీకే తండ్రి అంటారు. మన పత్రికల్లో ఆయన మీద నాలుగు మాటలు రాసినవాళ్లు నాకైతే కనబడలేదు.

దీన్ని కట్టడం ఎట్లా ఉండేదో కాస్త చెప్పాలి, ఎందుకంటే చరిత్రలో మొదట చెరిగిపోయేది పని చేసే తీరే. మొదట్లో ఎక్స్86_64-నేటివ్-లినక్స్‌యాప్-జీసీసీ అని బారెడు పేరుతో మేక్‌కు గురి చెప్పాలి. అమరికంతా ఒక పెద్ద ఫైలులో ఉంటుంది, ఒక్కో అంశం ఎదురుగా వై లేదా ఎన్. మెల్లనాక్స్ కార్డు వాడాలంటే దాని లైబ్రరీలు ముందే పెట్టుకుని, ఎన్ ఉన్నచోట వై రాసుకోవాలి. మరిచిపోతే బిల్డ్ నిక్షేపంగా అవుతుంది, కార్డు మాత్రం కనబడదు. 2018లో 18.02 విడుదలతో మెసన్, నింజా అనే కొత్త పనిముట్లు వచ్చాయి, 20.11 నాటికి పాత మేక్ పద్ధతిని తీసేశారు. ఇప్పుడు మెసన్ సెటప్ బిల్డ్ అంటే అదే మెషీన్ అంతా వెతికి ఏ డ్రైవర్లు కట్టగలదో, ఏవి ఎందుకు కట్టలేదో జాబితా రాస్తుంది. ఆ జాబితాను చదవకుండా పైకి జరిపేసేవాడికి సగం రోజు పోయినట్టే.

ఒక ఉచ్చు మాత్రం పాత పద్ధతిలోనూ ఉంది, కొత్తదానిలోనూ ఉంది. నేటివ్ అని కడితే కంపైలర్ మనం కట్టే మెషీన్ ప్రాసెసర్‌ను చూసి, దానికున్న సూచనలన్నీ వాడేస్తుంది. కొత్త సర్వర్‌లో ఏవీఎక్స్-512తో కట్టింది పాత సర్వర్ మీద నడవగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని కూలిపోతుంది. వేర్వేరు మెషీన్లకు పంపాలంటే జెనరిక్ అని చెప్పి కట్టాలి. కొంత వేగం వదులుకున్నా అన్నిచోట్లా నడుస్తుంది.

కట్టడం అయ్యాక మెమరీ. మామూలు పేజీ 4 కిలోబైట్లు. గిగాబైట్ల కొద్దీ ప్యాకెట్ మెమరీని అంత చిన్న పేజీల్లో పెడితే చిరునామాలు వెతకడానికే ప్రాసెసర్ అలిసిపోతుంది. అందుకని 2 మెగాబైట్ల పేజీలు, వీలైతే 1 గిగాబైట్ పేజీలు ముందే పక్కన పెట్టించాలి. గిగాబైట్ పేజీలైతే మెషీన్ లేచేటప్పుడే అడగడం మంచిది, తర్వాత అడిగితే అంత పెద్ద వరస ఖాళీ దొరక్కపోవచ్చు. తర్వాత చాలా రకాల కార్డులను కెర్నెల్ డ్రైవర్ నుంచి విడిపించి వీఎఫ్ఐఓ అనే డ్రైవర్‌కు కట్టాలి. రెండు ప్రాసెసర్ల సర్వర్‌లో కార్డు ఒక ప్రాసెసర్ పక్కన ఉండి, పనిచేసే కోర్ రెండో ప్రాసెసర్‌లో ఉంటే వేగం పడిపోతుంది, లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ ఉండదు. అనుభవం అంటూ ఏదైనా ఉంటే అది ఇట్లాంటి చోట్లే అక్కరకొస్తుంది.

పీసా విశ్వవిద్యాలయంలో లుయీజీ రిజ్జో చేసిన నెట్‌మ్యాప్, సిస్కో 2016లో బయటపెట్టిన వీపీపీ, కెర్నెల్‌ను వదలకుండానే వేగం సాధించే ఎక్స్‌డీపీ, వీటన్నిటికీ వేర్వేరు కథలున్నాయి. నా ఓటు మాత్రం ఎక్స్‌డీపీకే. కెర్నెల్‌ను దాటిపోవడం కంటే దాన్ని బాగుచేసుకోవడమే చివరికి నిలిచే పని.

ఈ పని హైదరాబాద్‌కు డీపీడీకే కంటే ముందే వచ్చింది. ఇంటోటో అనే కంపెనీ ప్రధాన కార్యాలయం అమెరికాలో ఉన్నా ఫైర్‌వాల్, వీపీఎన్ సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజినీర్లు ఇక్కడున్నారు. శ్రీని అద్దేపల్లి దాని సాంకేతిక సారథుల్లో ఒకరు. 2008లో ఫ్రీస్కేల్ దాన్ని కొనుక్కుంది. కేవియం అనే చిప్ కంపెనీకీ ఇక్కడ పెద్ద కేంద్రం ఉండేది. దాని ఆక్టియాన్ చిప్‌ల మీద సింపుల్ ఎగ్జిక్యూటివ్ అనే పద్ధతిలో, ఆపరేటింగ్ సిస్టం లేకుండా ఒక్కో కోర్ ఆగకుండా ప్యాకెట్లు చూసేది. డీపీడీకే తర్వాత చెప్పింది మాకు కొత్తగా అనిపించలేదంటే కారణం ఇదే. 2018లో కేవియం మార్వెల్‌లో కలిసింది. ఇవాళ డీపీడీకే మార్పుల జాబితా తెరిస్తే ఆ చిప్‌ల డ్రైవర్ల పక్కన తెలుగు ఇంటిపేర్లు ఎన్నో కనబడతాయి. ఇంకో దిక్కు స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చి కాలేజీ పిల్లలకు నేర్పారు. ఈ రెండు గుంపులూ ఒకే ఊళ్లో ఉండి ఒకరినొకరు పెద్దగా పలకరించుకోలేదు. పెద్ద నష్టమే అది.

ఇప్పుడు మా ఊళ్లకొస్తాను. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం ఏర్పడింది, మేమంతా సెస్ అంటాం. దేశంలో ప్రయోగంగా మొదలుపెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి. తక్కినవి ములా-ప్రవర, హుక్కేరి, కోడినార్, లక్నోలలో. అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల సమాఖ్య సలహా ఇచ్చింది. కరెంటు వాడేవాళ్లే సభ్యులు, ఓటు వేసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. మా బాపు నడిపిన సాంచాలకు కరెంటు సెస్‌దే, బిల్లు మీద తిట్టుకున్నదీ సెస్‌నే. తిట్టడానికి ఊళ్లోనే ఒక ఆఫీసు ఉండటం ఎంత సౌకర్యమో ఇప్పుడు ఇంటర్నెట్ ఆగినప్పుడు తెలుస్తుంది.

ఎందుకంటే ఇంటర్నెట్ అట్లా రాలేదు. మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కందకాల్లోనే తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ గొట్టాలు కూడా పరిచారు, మంచి ఆలోచన. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద తీగ లాగి 2017 డిసెంబరులో మొదలైంది. మా పట్టణాల్లో కేబుల్ టీవీ వాళ్లే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లయ్యారు, తీగ కరెంటు పోల్ మీదే. ఇట్లాంటి చిన్న ఆపరేటర్ల గదుల్లో దేశమంతా ఎక్కువగా కనిపించేది లాత్వియా నుంచి వచ్చే మైక్రోటిక్ రౌటర్. దాని లోపల నడిచేది లినక్స్ కెర్నెలే, పైన ఉన్నది మాత్రం మూసిన పొర. అది ఆగితే ఆపరేటర్ చేయగలిగింది ఆపి మళ్లీ వేయడం.

ఇట్లాగే ఉండాలని లేదు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని బయటపడ్డాక జనం ఒత్తిడికి 2003లో ఆ కంపెనీ సోర్సు ఇవ్వాల్సి వచ్చింది. 2004లో దాని నుంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. జపాన్‌లో కునిహిరో ఇషిగురో రాసిన జెబ్రా నుంచి క్వాగ్గా, దాని నుంచి 2017లో ఎఫ్‌ఆర్‌ఆర్ వచ్చాయి, పెద్ద పెద్ద డేటా సెంటర్లలో దారులు చూపేవాటిలో ఇవాళ అదొకటి. ఇళ్ల కనెక్షన్లకు లాగిన్ ఇచ్చే యాక్సెల్-పీపీపీ కూడా తెరిచిన కోడే. ఒక పాత సర్వరు, రెండు కార్డులు, ఓపికున్న ఇద్దరు పిల్లలు ఉంటే కోరుట్లలో ఒక వాడకు ఇంటర్నెట్ ఇచ్చే పెట్టె కోరుట్లలోనే తయారవుతుంది.

ఆ పిల్లలు ఎక్కడున్నారంటే, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి నడుస్తున్న జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్నారు. 2021లో వచ్చిన రాజన్న సిరిసిల్ల కాలేజీలో ఉన్నారు. నేను చూసిన ఒక కాలేజీలో, పేరు అక్కర్లేదు, ల్యాబుకు కొన్న ఖరీదైన రౌటర్ పాడవుతుందేమోనని బీరువాలో ఉంది. పిల్లలు దాని బొమ్మ రికార్డు పుస్తకంలో గీస్తున్నారు.

అయ్యా అధ్యాపకులారా, ఆ రౌటర్‌ను బీరువాలోనే ఉండనివ్వండి. డీపీడీకే నేర్వడానికి అది అవసరం లేదు, పది గిగాబిట్ల కార్డు కూడా అవసరం లేదు. టెస్ట్‌పీఎండీ అనే ప్రోగ్రాం దానితోపాటే వస్తుంది. నెట్ నల్ అనే ఉత్తుత్తి పరికరంతో, నో హ్యూజ్ అనే మీటతో ఏ మామూలు లినక్స్ పీసీ మీదైనా నడుస్తుంది. కొంచెం చేయి తిరిగాక ఇంటెల్ 82599 చిప్ ఉన్న పాత కార్డు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. మెసన్ ఇచ్చే జాబితాను మొదటి రోజు నుంచీ పూర్తిగా చదివించండి. ఏ డ్రైవరు ఎందుకు కట్టలేదో పిల్లలు తమ మాటల్లో రాస్తే మార్కులు వేయండి. పరీక్షలో ఓఎస్ఐ ఏడు పొరల పేర్లు అడగడం ఒక్క సెమిస్టర్ మానుకున్నా కొంపలు మునగవు. కోడు ఉచితం, అనుమతి ఎవరినీ అడగనక్కర్లేదు. వచ్చే సెమిస్టర్ దాకా ఆగకుండా ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.